సింగారి వానాకాలం

మబ్బులు ఇళ్లలోకొచ్చి కూర్చునే ఒక కొండమీది ఊళ్లో సింగారి అనే కంచరగాడిద ఉండేది. చలికాలం వచ్చే సందర్శకుల సామాన్లూ, ఎండాకాలం వచ్చేవాళ్ల పిల్లలూ దాని వీపుమీదే కొండెక్కేవారు. వానల్లో ఎవరూ వచ్చేవారు కాదు. అయినా సింగారి రోజూ పొద్దున్నే మెడలో గంటతో, ఖాళీ వీపుతో శిఖరం దాకా ఎక్కి దిగేది. వాళ్లమ్మా అలాగే చేసేది.

ఏటా చలికాలం స్వెట్టరేసుకుని వచ్చే పట్నం కుక్క టఫీ అది విని పడీపడీ నవ్వింది.

"ఎవరూ లేనప్పుడు ఎవరికోసమే ఆ ఊరేగింపు? మేమొస్తేనేగా మీ కొండకి కళ!"

సింగారికి ఒళ్లు మండింది. "ఒకసారి వానల్లో రా" అని ఊరుకుంది.

ఆ ఏడు టఫీవాళ్లు నిజంగానే వానల్లో వచ్చారు. ఒకరోజు పొద్దున్న సింగారి కొండెక్కుతుంటే దట్టమైన మంచులో మూలుగు వినబడింది. కప్పని తరుముతూ వచ్చి దారి తప్పిన టఫీ, లోయ అంచున వణుకుతూ కూర్చునుంది.

"గంట వెనకే రా. కాలికి గడ్డి తగిలితే ఆగిపో" అంది సింగారి.

తమవాళ్లు దిగిన బంగళా చేరాక, గుమ్మంలో ఒళ్లు దులుపుకుని టఫీ మెల్లగా అడిగింది. "అక్కా, కొండంతా మోకాలెత్తు గడ్డి ఉందే, బాటమీద లేదేం?"

"వానల్లో వారం తొక్కకపోతే బాటని గడ్డి మింగేస్తుంది. చలికాలం నువ్వు షికారు చేసే బాటే నా వానాకాలం, నాయనా!"

సింగారి తలెత్తి గంట మోగించుకుంటూ మళ్లీ మబ్బులోకి నడిచింది. ఇంకా సగం బాట మిగిలే ఉంది.