మొదటి పాఠకురాలు

ఆయన పోయిన రోజు భార్య కంటే ఎక్కువగా ఏడ్చింది ఆయన సహాయకురాలు.

ఆఫీసులో బల్ల ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. శవం వెంట ఇంటికి వచ్చిన మగవాళ్ళు గోడవారన తలలు వంచుకుని నిలబడితే, ఆ అమ్మాయి మాత్రం ఆయన సంచీని గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఆ సంచీ ఈ పిల్ల చేతుల్లో ఎందుకుండాలి అన్న ఒక్క ఆలోచనే వచ్చింది. లేచి వెళ్ళి తీసుకుంది.

సంచీలో కళ్ళజోడు, మందుల డబ్బా, ఎనిమిదో అధ్యాయం ఉన్నాయి.

ఆయన ఆర్థికవేత్త. ఆసియా దేశాలు రాబోయే ముప్పై ఏళ్ళలో ఎంత ఎదుగుతాయి, ఎక్కడ చతికిలబడతాయి అని ఆరేళ్ళుగా ఒక పెద్ద పుస్తకం రాస్తున్నాడు. ఏడు అధ్యాయాలు అయిపోయాయి. ఎనిమిదోది ముందున్న కష్టాల గురించి: ధనవంతం కాకముందే ముసలివైపోతున్న దేశాలు, చదువులుండీ పనుల్లేని ఊళ్ళు, తోడేకొద్దీ లోతుకు పోతున్న నీళ్ళు.

పెళ్ళయిన కొత్తలో రాసిందల్లా ఆమెకు చదివి వినిపించేవాడు. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తూ ఊఁ కొట్టేది. ఎన్నో ఏళ్ళు అలాగే సాగింది. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే విసుక్కుంది, ఇవన్నీ నాకెందుకు, తెలిసినవాళ్ళకు చెప్పుకోండి అని. ఆయన నవ్వి కాగితాలు మడిచాడు. మళ్ళీ ఎప్పుడూ చదవలేదు. ఆ ఏడాదే ఈ అమ్మాయి ఆఫీసులో చేరింది.

వారం తర్వాత ఆడపడుచు వచ్చింది.

"అన్నయ్య ఆ పిల్లను పొగడని రోజు లేదు వదినా. లెక్కల్లో దిట్టట. నీకేమో పొయ్యి ఆర్పావో లేదో కూడా గుర్తుండదు."

"నన్ను దెప్పడానికొచ్చావా, ఓదార్చడానికొచ్చావా?"

"ఒక్క బస్సు టిక్కెట్టుతో రెండూ అయిపోతాయని."

ఆడపడుచు వెళ్ళాక ఆమె తలుపు గడియపెట్టి కాగితాలు తీసింది. టైపు చేసిన వరసల జోలికి పోలేదు. కళ్ళు అంచుల్లోని పెన్సిలు రాతల వెంటే పరుగెత్తాయి. ఆయన తనకోసం రాసుకున్న గుర్తులవి.

'ఈ వాక్యానికి మొదటి పాఠకురాలు నవ్వుతుంది. మార్చాలి.'

'తలసరి ఆదాయం పెరిగింది అంటే, ఎవరి తల అని అడుగుతుంది. జవాబు లేదు.'

'ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళను పని లేనివాళ్ళ కింద వేశాను. మొదటి పాఠకురాలు ఊరుకోదు.'

ఊరుకోదట. పొద్దున్నే తయారై ఆఫీసుకు పోయే పిల్లకు ఇంటి చాకిరీ గురించి ఏం తెలుసని ఊరుకోదు? అత్తగారు మంచాన పడితే బళ్ళో ఉద్యోగం వదులుకున్నది తను. ఆ సంగతి ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు. ఎవరికో కోపం వస్తుందని మాత్రం రాసినదాన్ని కొట్టేసి మళ్ళీ రాశాడు.

ఆఖరి పేజీ అడుగున 'ఇది ఆమెకు నచ్చాలి' అని ఉంది. పెన్సిలు ఒత్తిన ఒత్తుడికి అక్కడ కాగితం కాస్త చిరిగింది. ఆమె మొత్తం కట్ట బీరువాలో పడేసి తాళం వేసింది.

ఆ అమ్మాయి రెండుసార్లు వచ్చి అడిగింది. రెండుసార్లూ గుమ్మంలోంచే పంపేసింది. మూడోసారి వచ్చినప్పుడు లోపలికి రానిచ్చింది గానీ కూర్చోమనలేదు.

"ఆ అధ్యాయం లేకపోతే ఆఫీసువాళ్ళు పుస్తకం మూలపడేస్తారు మేడమ్. నెలాఖరు వరకే ఆగుతామన్నారు."

"పడేయనీ."

"సార్ ఆరేళ్ళ కష్టం."

"ఆయన కష్టమేనా, నీది కూడానా?"

"పట్టికలన్నీ నేనే వేశానండీ. కానీ నేనొచ్చింది నా కోసం కాదు."

"మరి? నీ గురించి ఆయన అంచుల్లో రాసుకున్నవి నా కంట పడకూడదనా?"

ఆ అమ్మాయి తెల్లమొహం వేసింది. ఆమె బీరువా తెరిచి కట్ట తీసి బల్ల మీద కొట్టింది. ఆ అమ్మాయి ఒక పేజీ చదివింది, రెండోది చదివింది, కళ్ళు తుడుచుకుంది.

"ఇది నా గురించి కాదు మేడమ్."

ఆ మీదట నెమ్మదిగా చెప్పుకొచ్చింది. అర్థశాస్త్రం తెలిసినవాళ్ళు ఒకరి రాతకు ఒకరు తలూపేస్తారని వాళ్ళ ఆఫీసులో ఒక నియమం పెట్టారట. ఆ శాస్త్రం చదవని మనిషిని ఒకరిని రచయితే ఎంచుకోవాలి. మొదటి పాఠకుడనో పాఠకురాలనో పిలిచే ఆ మనిషి ప్రతి అధ్యాయం ముందుగా చదివి, అర్థం కానివీ ఒప్పుకోనివీ చీటీలో రాసి, సంతకం పెడితేగానీ అచ్చుకు పోదు.

"పట్టికలు వేసేదాన్ని, నేను పనికిరానండీ."

"మరెవరు?"

ఇన్నాళ్ళూ ఆమె కుళ్ళుకు ఒక ముఖమైనా ఉండేది. ఇప్పుడు ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరి ముఖాలూ వచ్చి దాని చోట నిలబడ్డాయి. ఎప్పుడు నవ్వుతుందో, దేనికి కోప్పడుతుందో, ఏ మాటకు ఏమంటుందో కూడా ఆయనకు తెలిసిన మనిషి.

"ఎవరో చెప్పు. నేనేమీ అనుకోను."

ఆ అమ్మాయి ఆమె వైపు కాసేపు వింతగా చూసింది. తర్వాత తన ఫైలు తెరిచి, అచ్చుకు సిద్ధమైన ఏడు అధ్యాయాల చీటీలూ తీసి బల్ల మీద వరసగా పరిచింది.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని వంగింది. అభ్యంతరాలన్నీ ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. ఒక చీటీ మూల నూనె వేలిముద్ర ఉంది.

ఏడింటి కిందా ఉన్నది ఆమె సంతకమే. వంట మధ్యలో ఆయన చాపిన కాగితం మీదల్లా పెట్టేసింది; చదివింది మాత్రం ఒక్కటీ లేదు.