కూతురి కుర్చీ

తీర్పు చెప్పడానికి నోరుంటే చాలు, నాయనలారా! ఇద్దరి మధ్య కూర్చోవాలంటే ముందు మన గుండె విరగాలి.

మధ్యవర్తుల శిక్షణలో అది చివరి పరీక్ష. నెగ్గితేనే సర్టిఫికెట్. అక్కడ పాఠాలన్నీ ఉత్తుత్తి తగాదాలే: ఒకరు తండ్రి, ఒకరు కూతురు, మధ్యలో సంధి కుదిర్చే మూడో మనిషి. రిటైరైన బస్సు డ్రైవరు ప్రతిసారీ కోపిష్టి తండ్రి వేషమే అడిగి తీసుకునేవాడు. "నాకు కూతురే లేదు, ఫో!" అని ఆయన గర్జిస్తే గది దద్దరిల్లేది.

"నాటకాల్లోకి పోవాల్సిన మనిషివి, బస్సెందుకు నడిపావు బాబాయ్?" అని నవ్వేది తోటి అభ్యర్థి నర్సమ్మ.

పరీక్ష రోజున శిక్షణ ఇచ్చే మేడమ్ కుర్చీలు మార్పించింది. "అవతలివాళ్ల బాధ తెలియకుండా మధ్యవర్తి కాలేరు డ్రైవరుగారూ. ఈవేళ మీరు కూతురు. నర్సమ్మ తండ్రి."

నర్సమ్మ గొంతు బొంగురు చేసి, ఆయన మాట ఆయనకే అప్పజెప్పింది. "ఎవరికోసం వచ్చావ్? నాకు కూతురే లేదు, ఫో!"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మనం కొలిచిన కుంచంతోనే మనకూ కొలుస్తారు; బైబిలు వాక్యం ఊరికే పోదు.

"మాట్లాడండి, టైమైపోతోంది," అంది మేడమ్. "కూతురు ఏమంటుంది?"

ఆయన తలుపు వైపు చూశాడు.

"ఏమీ అనలేదమ్మా. చంకలో పసిబిడ్డ లేస్తుందని, చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది."