గోడ వెంట

"ఆ థిన్నరు డబ్బాలు ఇంట్లోంచి పోతాయా, నన్ను పొమ్మంటారా?" అంటూ అమ్మ, నాన్నకూ పిల్లలిద్దరికీ వడ్డిస్తూనే దెబ్బలాడుతోంది.

వెనకగదిలో చెక్కసామాన్లకు పాలిష్ వేసే నాన్న నవ్వేశాడు. "ముప్పై ఏళ్లుగా పీలుస్తున్నా. నాకేమైందే?" అని కూతురి వైపు తిరిగి, "నన్ను కూడా నీ ఎలుకల్లో కలిపేస్తావా ఏం?" అన్నాడు.

కూతురు నవ్వలేదు. ఆమె పనిచేసే ల్యాబులో ఎలుకలను నీళ్ల తొట్టిలో వదులుతారు. నీళ్లలో మునిగి ఉన్న మెట్టు ఎక్కడుందో అవి కొద్దిరోజుల్లోనే నేర్చుకుంటాయి. థిన్నరు ఆవిరి పీల్చినవి మాత్రం నేర్చిందంతా మరిచిపోయి, తొట్టి గోడను రాసుకుంటూ ఊరికే తిరుగుతుంటాయి.

ఆ రాత్రి సరసరమని ఏదో చప్పుడైతే ఆమెకు మెలకువ వచ్చింది. ముందుగదిలో, చీకట్లో, నాన్న అరచేత్తో గోడను రాసుకుంటూ నడుస్తున్నాడు. తెరిచే ఉన్న వంటగది గుమ్మం దాటిపోయాడు. గదంతా చుట్టి వచ్చి మళ్లీ దాటిపోయాడు.

"నాన్నా!"

చప్పుడు ఆగిపోయింది.

"నీళ్లకని లేచానమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "వంటగది ఎటు?"

ఆ ఇల్లు ఆయన దగ్గరుండి కట్టించుకున్నదే.

ఆమె ఆయన్ను చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. "మంచి గాలిలోకి మార్చాక మా ఎలుకలు చాలావరకు మళ్లీ దారి కనుక్కున్నాయి నాన్నా. అన్నీ కాదు. త్వరగా మార్చినవి."

ఆయన లైటు వేయించి, అమ్మనూ తమ్ముణ్ణీ లేపించాడు.

"రేపట్నుంచి పాలిష్ పని మానేస్తున్నా," అన్నాడు మామూలు గొంతుతో. "పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్కణ్ణే వెళ్లను."