చిన్న సినిమా

ఆ వీడియో నాలుగోసారి పెట్టేసరికి ఆండాలు చేతిలో బకెట్ కింద పెట్టేసింది. పక్కకు తిరిగి థూ అని ఉమ్మేసింది.

మాదన్నపేటలో ఆమెది రెండు బర్రెల పాడి. కళ్లముందు పిండితేనే గాని గిరాకీలు గిన్నె చాపరు. అందుకే పొద్దున ఆరింటికల్లా కొట్టం ముందు పదిమంది పోగవుతారు. రోజూ అయితే వాళ్ల కళ్లన్నీ ఆమె చేతుల మీదే ఉంటాయి, ఎక్కడ నీళ్లు కలుపుతుందోనని. ఇవాళ అందరి కళ్లూ పాలకొచ్చిన నాగమణమ్మ ఫోన్ మీద ఉన్నాయి.

పదకొండు సెకన్ల వీడియో. ఏదో మిద్దె, పిట్టగోడ. ఆండాలు కొడుకు బాలరాజ్, శాలిబండలో ఫొటోలకు ఫ్రేములు కట్టే ప్రేమ్‌రాజ్ మెడ చుట్టూ చెయ్యేసి ముద్దు పెట్టుకుంటున్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి బస్తీలో అది తిరగని ఫోన్ లేదు.

"ఇంకొక్కసారి పెట్టమ్మా, మొఖం సక్కగ కనవడలే" అన్నాడు వెనక నుంచి ఎల్లేష్, మెడ సాచి.

ఆండాలుకు ఒంటి మీద పురుగులు పాకినట్టుంది.

"సూసింది సాలు, బంద్ చెయ్యుండ్రి! ఆ సినిమా మీద మన్నువడ!"

"సినిమానా?" నాగమణమ్మ ఫోన్ దించింది.

"మరేందనుకున్నరమ్మా? పోరగాళ్లంత కూడి తీస్తున్నరట. చిన్న సినిమా. పెద్ద హీరోలుండరు, స్టూడియో ఉండదు. మావోడే హీరో."

"ఇద్దరు మొగోళ్లు ప్రేమించుకునేదా?"

"అదే గద నా ఖర్మ!"

"కెమెరా ఏదే మరి? లైట్లేవి? ఎవడో పక్క మిద్దె మీదికెళ్లి దొంగతనంగ తీసినట్టుంది గదనే."

"గట్లనే తీస్తరట చిన్న సినిమాలు. యాక్టింగ్ అని తెల్వొద్దట."

నాగమణమ్మ మూతి ముడిచింది. ముడుస్తూనే వీడియో అయిదోసారి పెట్టుకుంది. "ఓయమ్మ, మస్తు చేసిండే! నిజమే అనుకున్న."

ఆండాలు బర్రె పొదుగు దగ్గర కూర్చుని తల దించుకుంది. రెండు ధారలు పిండిందో లేదో, గేటు దబ్బున తెరుచుకుంది.

మైసయ్య. చనిపోయిన ఆమె మొగుడికి అన్న. కులసంఘం పెద్ద. వెంట ఇద్దరు మనుషులు.

"ఏడున్నడు వాడు?"

లోపల గొళ్లెం పెట్టి ఉన్న గది వైపు పది తలలూ తిరిగాయి.

"పొద్దుగూకంగ కులపోళ్లు కూసుంటున్నరు. వాన్ని బస్తీ దాటిచ్చుడే. అడ్డమొచ్చినవనుకో ఆండాలూ, నిన్ను గూడ వెలేస్తం. నీ పాలు కుక్క గూడ ముట్టది."

మైసయ్య గది వైపు నడిచాడు. ఆండాలు పాలబకెట్ పట్టుకునే వెళ్లి తలుపుకు అడ్డం నిలబడింది.

"సినిమా బావా! అది సినిమా!"

"ఏంది?"

"అవునే మైసన్నా" అన్నాడు ఎల్లేష్. "నాకు ముందుగాల్లే ఎరుక. గిట్లాంటియి ఎక్కడెక్కడి పోటీలకో పోతయి. బహుమతులొస్తయి."

"నాకు గూడ చెప్పింది ఎప్పుడో" అంది నాగమణమ్మ, తడబడకుండా.

కొట్టడానికి లేచిన మైసయ్య చెయ్యి మెల్లగా దిగింది.

"సినిమానా... కథేంది?"

ఆండాలు గది తలుపుకు వీపు ఆనించింది. "పెండ్లి చేసుకోమని పిల్లగాన్ని సతాయిస్తరట బావా. వాడు నావల్ల కాదంటడట. ఎవరో వీడియో తీసి ఊరంత తిప్పుతరట. పెద్దబాపు కొట్టనీకొస్తడట."

"ఆ పెద్దబాపు యేశం ఎవలేస్తున్నరు?"

"ఇంకా ఎవలు దొరకలేదట."

మైసయ్య మీసం దువ్వుకున్నాడు. వెంట వచ్చిన ఇద్దరి వైపు ఓరగా చూశాడు. "నా మొఖం పనికొస్తదేమో అడుగు."

ఆండాలు ఆ మొహాన్ని పైనుంచి కిందికి చూసింది.

"మస్తు పనికొస్తది బావా. నీ లెక్క ఎవ్వలు చెయ్యలేరు."

అతను ఇకిలించాడు. "ఆఖరుకేమైతది? బుద్ధొచ్చి పిల్లను చేసుకుంటడు గద?"

"లేదు బావా." ఆమె బకెట్ చెయ్యి మార్చుకుంది. "ఇద్దరు ఒక్క ఇంట్లనే ఉంటరట. తల్లి గూడ వాళ్లతోనే ఉంటదట."

"థూ! తల్లేనా అది?"

"సినిమా గద" అంది ఆండాలు.

"ఆఖరు మార్సమను. నేను కొట్టినంక వాడు బాగుపడాలె. గట్లయితేనే సూస్తరు జనం." మైసయ్య గేటు దాకా వెళ్లి మళ్లీ తిరిగాడు. "కులపోళ్లకు నేను చెప్తలే. ఫికర్ చెయ్యకు. షూటింగ్ ఎప్పుడో ముందుగాల చెప్పు, మీసానికి రంగేసుకుంట."

ఆండాలు మళ్లీ కూర్చుని పిండాక, పాలు పోయించుకుని గిరాకీలు ఒక్కొక్కరే కదిలారు. పోతూ పోతూ ఎల్లేష్ ఆ వీడియో ఇంకెవరికో పంపుతున్నాడు, "మా బస్తీ హీరో" అంటూ.

ఆండాలు గేటుకు గొళ్లెం పెట్టింది. నల్లా కింద కూర్చుని మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది. మళ్లీ రుద్దుకుంది. ఇంకా రోతగానే ఉంది. ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గది తలుపు మెల్లగా కొట్టింది.

"పోయిండ్రు బిడ్డా. తియ్యి."

చాలాసేపటికి గొళ్లెం కదిలింది.

నిన్నటి నుంచి మెతుకు ముట్టని బాలరాజ్ గడపలో నిలబడి, ఉబ్బిన కళ్లతో తల్లి మొహంలోకి చూస్తూ అడిగాడు, "నేనేం సినిమాల చేస్తున్ననమ్మా?"