నాగుల్ మీరా కొత్త చేతులు

ఆ ఏడు వేసవి మొదట్లో నాగుల్ మీరాకున్న ఆస్తి ఒక గాజుల పెట్టె, రేపల్లెలో పెంకుటిల్లు, రెండు చేతులు. పెట్టె నిండుగానే ఉంది. ఇల్లు గట్టిగానే ఉంది. చేతులే పాతబడ్డాయి.

అతని బేరమంతా ఘోషా ఇళ్ళలోనే. తెరకు ఇవతల అతను కూర్చుంటాడు. అవతలి నుంచి ఆడవాళ్ళు చెయ్యి చాస్తారు. వాళ్ళ ముఖం అతను చూడడు, అతని ముఖం వాళ్ళు చూడరు. రెండువైపులా కనిపించేది చేతులే.

నిరుటి నుంచి ఆ ఇళ్ళు ఒక్కొక్కటే తెనాలి లాల్ అహమ్మద్ వైపు జారిపోతున్నాయి. లాల్ అహమ్మద్‌కు నిండా పాతికేళ్ళు లేవు. మీసం కూడా సరిగా రాలేదు.

"వాడి దగ్గర ఏముందమ్మా అంత గొప్ప?" అని తెనాలిలో ఒక తెరను అడిగాడు నాగుల్ మీరా.

"ఆ చెయ్యి చూస్తేనే మాకో ధైర్యం భాయ్!" అంది తెర.

నాగుల్ మీరా తన చేతులు చూసుకున్నాడు. కాకరకాయ మీద తోలులా ఉంది చర్మం. నరాలు తాళ్ళలా లేచాయి. లెక్క తేలికగానే తేలింది. కుర్ర చేతికి బేరాలు పెరుగుతున్నాయి, ముసలి చేతికి తగ్గుతున్నాయి. సరుకు మార్చి లాభం లేదు. చెయ్యి మార్చాలి.

తొందర కూడా ఉంది. బాపట్లలో నూర్ బీ మనవరాలి పెళ్ళి. ఆ ఇంట్లో ఇద్దరు కూతుళ్ళ పెళ్ళి గాజులూ అతనే వేశాడు. నూర్ బీ ఏ చేతితో వేయిస్తే, బాపట్ల తెరలన్నీ ఆ చేతినే పిలుస్తాయి. ఆ ఇల్లు పోతే పెట్టె అటక ఎక్కించుకోవలసిందే.

తెనాలిలో స్నోలు, పౌడర్లు అమ్మే వెంకటరత్నం కొట్టుకు వెళ్ళాడు.

"చేతులు నున్నబడటానికి ఏమున్నాయండి?"

"ఎవరికి సాయిబూ, కోడలికా?"

"నాకేనండి."

వెంకటరత్నం ఒకసారి అతని గడ్డం వైపు చూశాడు. వ్యాపారస్థుడు కాబట్టి నవ్వలేదు. గ్లిజరిను, పన్నీరు, రెండు రకాల స్నో కట్టి ఇచ్చాడు. "రాత్రిళ్ళు రాసుకుని చేతులకు మేజోళ్ళు తొడుక్కో" అని సలహా మాత్రం ఉచితంగా ఇచ్చాడు.

ఇంట్లో పాలమీగడ మాయమవడం మొదలైంది. దుగ్గిరాల పసుపు ఎక్కువై మొదట చేతులు పచ్చబడ్డాయి. తర్వాత పచ్చదనం పోయింది, ముడతలు సర్దుకున్నాయి. నాగుల్ మీరా నీళ్ళు తోడటం మానేశాడు. చేపల పులుసు కూడా చెంచాతోనే తిన్నాడు.

"ఏంటండీ ఈ సోకులు? ఈ వయసులో పెళ్ళి కుదిరిందా? చెబితే ముందే పుట్టింటికి పోతాను" అంది భార్య కరీమాబీ, అతని వంతు నీళ్ళు కూడా మోస్తూ.

"పెళ్ళి నాకు కాదే, నూర్ బీ మనవరాలికి."

"అయితే మీగడ ఆ పిల్లకి పూయాలి గానీ మీకెందుకు?"

"వ్యాపారం నీకు తెలీదులే."

పెళ్ళివారింటికి బయల్దేరిన రోజు, రైల్లో దుమ్ము పడకుండా చేతులకు మేజోళ్ళు తొడుక్కుని కూర్చున్నాడు. పక్కనున్న పెద్దమనిషి కొంచెం జరిగాడు.

"ఏంటండి చేతులకి? అంటుకునేదా?"

"కాదండి, కుర్రతనం."

పెద్దమనిషి లేచి వెళ్ళిపోయాడు. బెంచీ మొత్తం నాగుల్ మీరాకే మిగిలింది. ఈ వైద్యంలో వచ్చిన మొదటి లాభం అదే.

బాపట్లలో, చూపు సరిగా ఆనని పనిమనిషి ధనమ్మ తెర కట్టింది. నాగుల్ మీరా పెట్టె తెరిచి, దర్జాగా రెండు చేతులూ తెర కిందికి చాచాడు. తెల్లగా, వెన్నముద్దల్లా ఉన్నాయి.

అవతల ఎవరో కెవ్వుమన్నారు. నూర్ బీ గొంతు ఖంగుమంది.

"ఎవడ్రా నువ్వు?"

"నేనే బీబీ! నాగుల్ మీరాని."

"నాగుల్ మీరా చెయ్యి నాకు తెలీదా? గొంతు మార్చి మాట్లాడటం ఎంతసేపు? ముసలాయన్ని ఎక్కడ వదిలేసి వచ్చావ్?"

"నేనే బీబీ ఆ ముసలాయన్ని!"

"చాల్లే! ముఖాలు మేం ఎటూ చూడం. మనిషిని నమ్మేది చేతిని చూసే. పెళ్ళికాని పిల్లలున్న ఇంట్లో పడుచువాడి చేతికి చెయ్యి ఇస్తామా? ధనమ్మా, వీణ్ణి పంపెయ్. తెనాలి నుంచి ఇంకొకాయన వచ్చాడన్నావుగా, ఆయన్ని రమ్మను."

పెట్టెతో సహా నాగుల్ మీరా వీధి అరుగు మీద పడ్డాడు. ఆ ఇంకొకాయన లాల్ అహమ్మదే. చేతులు తువ్వాలు కింద పెట్టుకుని, తలొంచుకుని లోపలికి పోయాడు.

అంత బాధలోనూ నాగుల్ మీరాకు నవ్వొచ్చింది. నా చేతికే ఇంత మర్యాద జరిగితే, అసలు సిసలు కుర్రాడివి, నీకెంత జరుగుతుందో చూస్తా! పోతే ఇద్దరికీ పోతుంది. లెక్క సరి.

అరుపు కోసం చెవి ఒగ్గాడు. గాజుల గలగల వినిపించింది. ఎంతకీ ఆగలేదు. ఆ పైన నూర్ బీ గొంతు, "అల్లా నిన్ను చల్లగా చూడాలి భాయ్, ఇకనుంచి ఈ ఇంటికి నువ్వే రావాలి" అంది.

లాల్ అహమ్మద్ ఖాళీ పెట్టెతో బయటికి వచ్చి సందు మలుపు తిరిగాడు. నాగుల్ మీరా వెనకాలే వెళ్ళాడు.

మలుపు చాటున లాల్ అహమ్మద్, నాటకాలవాళ్ళ జిగురుతో చేతులకు అతికించుకున్న ముసలి ముడతల్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచేసుకుంటున్నాడు.