రెండో స్కార్ఫు

"అమ్మా, ఈ చోటు ఎవరిది?" ఊరు చూడ్డానికొచ్చిన అమ్మాయి ఎర్నాని అడిగింది.

వియన్నా ఒపేరా హాల్లో నిలబడి చూసేవాళ్లు ముందున్న కమ్మీకి స్కార్ఫు కడితే ఆ చోటు వాళ్లదే. ఎర్నా రెండు కట్టింది.

"మా మిట్సీది. వస్తోంది."

"వియన్నా వస్తే ఇక్కడ నిలబడి చూడాల్సిందేనన్నారు. వెనకేమో స్తంభం అడ్డం," అని గొణుక్కుంటూ ఆ పిల్ల వెనక్కి పోయింది.

తలుపు దగ్గర టిక్కెట్లు చూసే ఫెర్డీ పక్కకొచ్చాడు. "ఎందుకక్కా అబద్ధం? మిట్సీని మట్టి చేసి మూడు నెలలైంది. నేనూ వెళ్లాను."

"తెలుసు."

"నువ్వు కనబడలేదేం? ముప్పై ఏళ్లు పక్కపక్కన నిలబడ్డారు. జ్వరమేమో అనుకున్నా."

"జ్వరం లేదు, గిరం లేదు. ఆ రోజు కొత్త ఒపేరా మొదటి ప్రదర్శన. కదిలితే చోటు పోతుందని పొద్దుటినుంచీ టిక్కెట్ల వరసలోనే ఉండిపోయాను, ఫెర్డీ."

దీపాలు తగ్గుతున్నాయి.

ఎర్నా తన స్కార్ఫు ముడి విప్పి, "ఏమ్మాయ్, ఇలా రా," అని పిలిచింది.

"మీ స్నేహితురాలు రావట్లేదా?"

"దాని చోటు దానికి ఉండనీ. నువ్వు నా చోట్లో నిలబడు."

ఎర్నా స్తంభం వెనక్కి నడిచింది.