తువ్వాలు తగిలించే మేకు

ఆదివారం పొద్దున్నే క్లబ్బుకొచ్చిన పళ్ళ డాక్టరు, అలవాటుగా గోడమీది పాత ఫోటో మేకుకే తువ్వాలు తగిలించాడు.

టెన్నిస్ కోర్టు ఖాళీగా ఉంది. తనతో ఆడాల్సిన లాయరుకు నడుం పట్టేసిందట.

బెంచీమీద గడ్డాన పుట్టుమచ్చ ఉన్న పెద్దావిడ ఒకరు కూర్చుని ఉన్నారు. కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చారట. పక్క కోర్టులో మనవరాలు ఆట నేర్చుకుంటోంది.

డాక్టరు తన గోడంతా ఆవిడ దగ్గర వెళ్ళబోసుకున్నాడు. క్లబ్బులో చేరాక ఒక్క ఆటా గెలవలేదు. ఇవాళా గెలవకపోతే రాకెట్టు అటకెక్కిస్తానని భార్యకు మాటిచ్చాడు. తీరా చూస్తే ఆడే మనిషే రాలేదు.

"పోనీ, నేనాడనా బాబూ?"

"మీకు ఆడటం వచ్చామ్మా?"

"ఒకప్పుడు ఆడేదాన్ని."

పోయేదేముందనుకున్నాడు డాక్టరు. ఆవిడ ఎడమచేత్తో రాకెట్టు అందుకున్నారు. ఎడమచేతి వాటం వాళ్ళకు నేర్పడం కష్టమంటూనే, రాకెట్టు ఎలా పట్టుకోవాలో, మోకాళ్ళు ఎంత వంచాలో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపారు.

మొదట్లో బంతి సరిగ్గా డాక్టరు ముందుకే వచ్చి పడింది. పోనుపోను నాలుగడుగులు పరిగెత్తితేగానీ అందలేదు. పరిగెత్తాడు. అందింది. తనింత బాగా ఆడగలడని అతనికే తెలీదు.

ఆవిడ కొట్టిన ఆఖరి బంతి నెట్టుకు తగిలి ఆగిపోయింది. డాక్టరు చిన్నపిల్లాడిలా గంతేశాడు.

"ఓడినా బాగా ఆడారమ్మా. ఆ ఎడమచెయ్యి ఇంకాస్త సాధన చెయ్యాలి."

"చేస్తాను బాబూ," అని నవ్వారావిడ. "మీరు మాత్రం రాకెట్టు అటకెక్కించకండి. మీ చేతిలో ఆట ఉంది."

ఆ వారం పళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళందరూ, నోరు తెరుచుకుని ఆ విజయగాథ వినాల్సి వచ్చింది.

మరుసటి ఆదివారం డాక్టరు లాయరును చిత్తుగా ఓడించాడు. ఆ ముక్క ఆవిడకు చెబుదామని బెంచీ దగ్గరికి పరిగెత్తాడు. అమ్మమ్మ పొద్దున్నే రైలెక్కేసిందని మనవరాలు చెప్పింది. ప్రాణం ఉసూరుమంది.

లోపల గోడకు రంగు వేయించాలని మేనేజరు ఫోటో దించి తుడుస్తున్నాడు. డాక్టరు తువ్వాలు బల్లమీద మడిచిపెట్టి ఉంది.

"ఎవరండీ ఈ అమ్మాయి?"

"తెలీదా? ఈ కోర్టులోనే ఆట నేర్చుకుంది. చాలా ఏళ్ళు దేశానికి ఛాంపియన్."

డాక్టరు వంగి చూశాడు.

అదే నవ్వు. గడ్డాన అదే పుట్టుమచ్చ.

ఫోటోలో ఆవిడ గాల్లోకి లేచి బంతిని బలంగా బాదుతున్నారు, కుడిచేత్తో.